ఆస్టినాబాద్‌లో కిటికీ ప్రారంభోత్సవం

"వైరస్‌ని ముందు అర్థం చేసుకుంటాం, ఆ తర్వాత అరికడతాం!" అని అండమాన్‌లోని ఆస్టినాబాద్ వైరస్ నివారణ కమిటీ అధ్యక్షులు తిరుమలరావుగారు మైకులో ప్రకటించినప్పుడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు అచ్చిబాబు. కొట్టడా మరి! కమిటీలో ఉపాధ్యక్ష పదవి ఖాళీగా ఉంది. పైగా పేటలో సగం మంది దగ్గుతున్నారు, ఇంట్లో ఉబ్బసంతో తల్లి కనకదుర్గ ఉంది. ఆవిడకి ఈ దగ్గు గనక అంటుకుంటే ఏమవుతుందోనని అతనికి లోపల ఒకటే భయం. అందుకే భారమంతా అధ్యక్షులవారి మీద వేశాడు.

అర్థం చేసుకునే కార్యక్రమం చిటికెలో అయిపోయింది. ఆరోగ్య కేంద్రం నర్సు ఫేబే వచ్చి చెప్పింది.

"దగ్గితే గాల్లో పాకే జబ్బు సార్ ఇది. మాస్కు పెట్టుకోండి. ఒంట్లో బాగోలేనోళ్ళు ఇంట్లోనే ఉండాలి. నలుగురు కూర్చునేకాడ కిటికీలు తెరిచి పెట్టండి. బస్, అంతే."

తిరుమలరావుగారు నీరుగారిపోయారు. "అంతేనా? మాస్కు పెట్టుకుంటే ఫోటోలో నేనెవరో ఎలా తెలుస్తుందమ్మా? అందరూ ఇంట్లో కూర్చుంటే మీటింగుకి ఎవడొస్తాడు?" కాసేపు కళ్ళు మూసుకుని, ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "కిటికీ! కిటికీకి రిబ్బన్ కట్టొచ్చు!"

"మన కమ్యూనిటీ హాలు కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి గదా సార్," అన్నాడు అచ్చిబాబు.

"అందుకే ముందు మూయించు."

మూయించారు. ఒక కిటికీ రెక్క హాలు కట్టిన నాటి నుంచీ మూతపడి ఎరగదు. దానికి వడ్రంగిని పిలిపించి, చిత్రిక పట్టించి మరీ మూయించారు. పట్టుదల అంటే అలా ఉండాలి.

ప్రారంభోత్సవం రోజు హాలు కిక్కిరిసింది. సమోసాలు పెడతారంటే దగ్గేవాడు మాత్రం ఇంట్లో ఎందుకుంటాడు? ముందు వరసలో "ప్రథమ స్వచ్ఛ శ్వాస లబ్ధిదారు" అనే పట్టీ భుజాన వేసుకుని కనకదుర్గ కూర్చుంది. తల్లికి ఆ గౌరవం ఇప్పించడానికి అచ్చిబాబు తిరిగిన తిరుగుడు ఆ దేవుడికే తెలియాలి.

ముఖ్య అతిథి పోర్ట్ బ్లెయిర్ నుంచి రావలసిన పెద్ద ఆఫీసరు. ఆయన ఎంతకీ రాలేదు. తిరుమలరావుగారు ఉన్న ఒక్క తలుపూ వేయించారు. "కిటికీ కంటే ముందు తలుపులోంచి గాలొచ్చేస్తే ఈ రిబ్బన్ కత్తిరించే ఉద్ఘాటన్‌కి విలువేముంటుంది?"

ఎవరో దగ్గారు. వెనక వరస అందుకుంది. ఫ్యాన్లు ఆ దగ్గుల్ని ఏ వరసకీ తక్కువ కాకుండా పంచిపెట్టాయి.

"ఒరే నానా, ఊపిరాడట్లేదురా," అంది కనకదుర్గ.

"బస్, పాంచ్ మినిట్ అమ్మా. నువ్వెళ్ళిపోతే మొదటి ఊపిరి ఎవరు తీసుకుంటారు?"

"అందాకా ఉంటే గదరా నేను తీసుకోడానికి!"

ఫేబే లేచింది. "అచ్చిబాబు భయ్యా, ఆంటీ పెదాలు చూడు, నల్లబడుతున్నాయి! ముందు కిటికీ తెరువు!"

"ఆగండాగండి, సార్ వచ్చేశారు!" అని అరిచారు తిరుమలరావుగారు.

తలుపు తీసి ఆఫీసరుగారిని లోపలికి తీసుకుని మళ్ళీ వేసేశారు. దండలు పడ్డాయి, దీపం వెలిగింది. గాలి ప్రాముఖ్యత మీద అధ్యక్షులవారు సుదీర్ఘంగా మాట్లాడారు. చివరికి ఆఫీసరుగారు రిబ్బన్ కత్తిరించి, కిటికీ రెక్కలు బార్లా తెరిచారు.

చప్పట్లు మోగాయి. గాలి మాత్రం రాలేదు.

కిటికీ నిండా తిరుమలరావుగారే నవ్వుతూ కనిపించారు. ఆ పొద్దునే హాలు బయట, కిటికీలున్న గోడంతా కప్పేలా ఆయన ఫ్లెక్సు కట్టారు. వెనక నుంచి ఎండ పడి, ఆ నవ్వూ మీసమూ లోపలికి కూడా చక్కగా కనిపిస్తున్నాయి.

"గాలేదిరా?" అంది కనకదుర్గ. ఆ తర్వాత ఆవిడకి మాట రాలేదు.

అచ్చిబాబు పళ్ళెంలోని కత్తెర అందుకున్నాడు.

"ఒరేయ్, ముఖం మీద వద్దు! ఉపాధ్యక్షా! చెప్తున్నా, ముఖం మీద వద్దు!"

ఉపాధ్యక్షా! ఆ పిలుపు కోసమే గదా ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తల్లి వైపు చూశాడు. ఆవిడ గుండెలు ఎగిరెగిరి పడుతున్నాయి. కత్తెర తీసుకెళ్ళి అధ్యక్షులవారి నోట్లో దించేశాడు.

ఫ్లెక్సు చర్రుమంది. సముద్రపు గాలి రయ్యిన వచ్చింది. ఫేబే పట్టుకుని తీసుకొస్తే కనకదుర్గ అధ్యక్షులవారి నోటికి ముక్కు ఆనించి గుండెల నిండా పీల్చింది. అచ్చిబాబు భోరుమని ఏడ్చేశాడు.

ఆఫీసరుగారు వంగి ఆ చిల్లుని అటూ ఇటూ పరీక్షించారు.

"బహుత్ బఢియా! హవా కూడా వస్తోంది, పబ్లిసిటీ కూడా పోలేదు. ఎవరి డిజైన్ ఇది?"

పాలిపోయిన తిరుమలరావుగారి ముఖం తళుక్కుమంది. "నాదే సార్."

"ఇలాంటిదే ఇంటింటికీ పెట్టించండి."

ఈసారి చప్పట్లు కప్పు ఎగిరిపోయేలా మోగాయి. తిరుమలరావుగారు అచ్చిబాబు భుజం మీద చెయ్యేశారు. "ఉపాధ్యక్షా, నీ ఇంటితోనే మొదలుపెడదాం. ఇప్పుడే పోయి కిటికీలన్నీ మూసెయ్. సార్ డేటు ఇచ్చాక తెరుద్దాం."

అచ్చిబాబు నోరు తెరిచేలోపే కనకదుర్గ ఇటు తిరిగింది. కొడుకు చేతిలో కత్తెర లాక్కుని బొడ్లో దోపుకుంది.

"పదరా ఇంటికి," అంది.