మాయమైన సోబా నీళ్లు

“ఎవరూ కదలొద్దు! ఈ గదిలో ఉన్న ప్రతి మనిషీ అనుమానితుడే! దక్షిణ భారతంలోకెల్లా ప్రమాదకరమైన మెదడు ఇప్పుడు పని మొదలుపెడుతున్నది! నేరస్థుడి పేరు నా నోటితోనే, అందరి ముందూ, గట్టిగా ప్రకటిస్తా!”

గదిలో ఉన్నది ముగ్గురు. ఒకరు ఆ ప్రమాదకరమైన మెదడును మోస్తున్న వైకుంఠం. గాజుల దుకాణం కొడుక్కి అప్పగించాక డిటెక్టివ్ అని కార్డులు కొట్టించుకున్నాడు. రెండోవాడు హోటలు యజమాని మొయిన్. మూడో ఆయన మొయిన్‌కు పని నేర్పిన డెబ్బై ఎనిమిదేళ్ల జపాను గురువు మోరితా. తెలుగు రాదు కాబట్టి ఆయన మాత్రం హాయిగా నూడుల్స్ జుర్రుకుంటున్నాడు.

“వైకుంఠమన్నా, జర మెల్లగ! ఉస్తాద్ తింటున్నడు,” అన్నాడు మొయిన్ నెత్తి పట్టుకుని.

పదకొండేళ్లు జపానులోని ఓ చిన్న ఊళ్లో మోరితా దగ్గర పనిచేసి వచ్చి, లాల్‌దర్వాజాలో వైకుంఠం ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాడు మొయిన్. ఆరు కుర్చీలు వేసి సోబా హోటలు తెరిచాడు. ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు కొనే కుట్టు (బక్‌వీట్) పిండిని చేత్తో పిసికి, కత్తితో సన్నగా తరిగితే సోబా. పులుసులో ముంచుకుని తినాలి. చివర్లో, నూడుల్స్ ఉడికిన చిక్కటి వేడి నీళ్లను మిగిలిన పులుసులో పోసుకుని తాగాలి. ఆ గుక్క పడకపోతే భోజనం అయినట్టే కాదు.

గుమ్మానికి వేలాడుతున్న నీలం పరదా మోరితా ఇచ్చినదే. మొదటి ముద్ద నుంచి చివరి గుక్క దాకా ఏ లోపమూ లేకపోతేనే అది మొయిన్‌ది. లోపం ఉంటే గురువు దాన్ని మడిచి సంచిలో పెట్టుకుపోతాడు. ఆ పరీక్ష ఇవాళే.

పరీక్ష రోజే నీళ్లు మాయం! వంటగది ఇరుకని వెనక కిటికీ గట్టు మీద పెట్టిన గిన్నె ఖాళీ అయింది. పిండి కూడా అయిపోయింది, మళ్లీ ఉడికించడానికి లేదు. నాలుగు రోజులుగా ఇదే తంతు. లాల్‌దర్వాజా జనం తిన్నాక అడిగేది చాయే కాబట్టి మొయిన్ పట్టించుకోలేదు.

వైకుంఠం భూతద్దం తీశాడు. నడుస్తుంటే లాల్చీ పైజమా ఫరఫరమన్నాయి. ఈ వారం అవి అప్పడాల్లా బిగుసుకున్నాయి. “డిటెక్టివ్ అంటే మడత నలగొద్దు,” అని పొద్దుటి నుంచి మూడుసార్లు చెప్పాడు.

“చూడు మొయిన్! గిన్నె తోమి బోర్లించి ఉన్నది. అంటే?”

“దొంగకు సఫాయి ఎక్కువన్నా.”

“కాదు! వేలిముద్రలు తుడిచేసిండు! ఇది అంతర్జాతీయ ముఠా!”

“ఉడికిన నీళ్లకు ముఠా ఏందన్నా?”

వైకుంఠం గొంతు తగ్గించి గురువు వైపు కళ్లెగరేశాడు. “నా డౌటు గీ పెద్దమనిషి మీదనే. నీళ్లు పోతే పరదా ఎవరికి దక్కుతది?”

“యా అల్లా! ఆయన పొద్దుగాల దిగిండు. నీళ్లు సోమారం నుంచి పోతున్నయి!”

“చూసినవా, సాక్ష్యం ఎంత పక్కాగా తయారు చేసుకున్నడో!”

అంతలో మోరితా నూడుల్స్ తినే పుల్లలు కింద పెట్టాడు. పులుసు గిన్నెను రెండు చేతులతో మొయిన్ ముందుకు జరిపి ఎదురుచూశాడు. ఒక నిమిషం. రెండు. తర్వాత ఆయన చూపు మెల్లగా పరదా మీదికి వెళ్లింది.

“సంచి సోదా చేస్తా!” అని వైకుంఠం వంగబోయాడు. పైజమా వంగనివ్వలేదు. కొయ్యబొమ్మలా బల్ల మీద పడి, అక్కడి నుంచి కిందికి జారాడు. టీ కప్పు తిరగబడి లాల్చీ చెయ్యి తడిసి ముద్దయింది.

మోరితా ముక్కుపుటాలు అదిరాయి. తడిసిన చేతిని పట్టుకుని, వాసన చూసి, కళ్లు మూసుకున్నాడు.

“సోబా,” అన్నాడు.

మొయిన్ కూడా వాసన చూశాడు. పదకొండేళ్లు ఒంటికంటిన వాసన. “అన్నా... నీ లాల్చీకి గంజి ఎవరు పెడ్తరు?”

“గంజి సంగతి తర్వాత! ముందు కేసు...” వైకుంఠం చూపు వెనక తలుపు మీదికి వెళ్లింది.

ఆ తలుపు తోసుకుని వైకుంఠం భార్య సావిత్రి వచ్చింది, చేతిలో తడి గరిటెతో. “ఏందయ్యా గీ లొల్లి? మొయిన్ తమ్మీ, నీ గంజి మస్తున్నది. గట్టు మీద పెడితే పారబోస్తవేమోనని తీస్కపోతున్న. ఊకె తీస్కుంటున్ననా? గిన్నె తోమి పెడుతున్న గద!”

“వదినా! ఇయ్యాల్టిది?”

“పొయ్యి మీదున్నది. ఇంకా బట్టలు ముంచలే.”

కిందపడ్డ డిటెక్టివ్ మీది నుంచి మొయిన్ ఒక్క దూకు దూకాడు. పొగలు కక్కుతూ నీళ్లొచ్చాయి. మోరితా పోసుకుని, ఆఖరి చుక్క దాకా తాగి, లేచి వెళ్లాడు. పరదాకు పడిన ముడతను అరచేత్తో సరిచేసి, అక్కడే వదిలేశాడు. వచ్చి కూర్చుని, నీళ్లు పోయాయని మొయిన్ చెబితే, జపాను భాషలో ఏదో అడిగాడు.

మొయిన్ కళ్లు తుడుచుకున్నాడు. “దొంగ ఎవరని అడుగుతున్నడన్నా ఉస్తాద్. నీ నోటితోనే చెప్తనన్నవ్ గద.”

“దొంగనా? ఎవరు దొంగ?” సావిత్రి చేతిలో గరిటె పైకి లేచింది.

వైకుంఠం లేచాడు. గొంతు సవరించుకున్నాడు. పైకప్పు వైపు, గుమ్మం వైపు, చివరికి గరిటె వైపు చూశాడు.

“సావిత్రి...” అన్నాడు. “...గారు.”