మొదటి వరుస అమ్మాయి

ఆదివారం ఉదయం తొమ్మిది ఇరవైకి రాయచూరులో పాత్రల వ్యాపారి పాండురంగయ్య ఇంటి ముందు ఒక కారు ఆగింది. పదిన్నరకల్లా పంతొమ్మిది కుటుంబాలు దిగాయి. అందరూ పెళ్లిచూపులకు వచ్చారు. అందరూ చూడాల్సింది ఒకే అమ్మాయిని. ఆ సమయానికి అమ్మాయి మేడ మీద గదిలో తలుపు వేసుకుని పరీక్ష రాస్తోంది.

అమ్మాయి పేరు స్ఫూర్తి, వయసు ఇరవై ఆరు. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. పరీక్ష పీఎల్-ఎస్‌క్యూఎల్‌ది. డేటాబేస్ లోపలే నడిచే ప్రోగ్రాములు రాసే భాష అది. పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. దాని మీద తండ్రీకూతుళ్ల మధ్య ఒప్పందం ఉంది. పాసైతే ఏడాది పాటు ఇంట్లో పెళ్లి మాట ఎత్తకూడదు. తప్పితే మొదట వచ్చిన సంబంధానికి ఆమె తలవంచాలి.

పరీక్ష ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు కెమెరాలో చూస్తుంటాడు. గదిలో రెండో మనిషి కనిపిస్తే రద్దు. అందుకని స్ఫూర్తి తల్లి సౌభాగ్యలక్ష్మిని తలుపు బయట కూర్చోబెట్టి, పన్నెండు దాకా ఎవర్నీ రానివ్వొద్దని చెప్పింది.

సాధన కోసం స్ఫూర్తి రాసిన ఒక ప్రోగ్రాము దీనంతటికీ మూలం. వర్తక సంఘం కార్యదర్శి వెంకోబయ్య దగ్గర పెళ్లీడు పిల్లల జాబితా ఉంది. అబ్బాయిలు ఇరవై ఏడుగురు, అమ్మాయిలు పద్దెనిమిది మంది. ఆమె దాన్ని అడిగి తీసుకుంది. ఒక్కో అబ్బాయికి ఒక్కో అమ్మాయి పేరు జతచేసి, గోత్రాలు ఒకటి కాకపోతే ఆహ్వానం తయారుచేయడం ప్రోగ్రాము పని. తరువాతి అమ్మాయి పేరు చదవమనే ఆదేశం, ఒక్కో అబ్బాయికి ఒకసారి తిరిగే లూపు లోపల ఉండాలి. ఆమె లూపుకు ముందు రాసింది. యంత్రం మొదటి పేరు ఒక్కసారి చదివి, దాన్నే అబ్బాయిలందరికీ జతచేసింది. పరాయి ఆడపిల్లల పేర్లతో ప్రయోగం బాగుండదని మొదటి వరుసలో ఆమె పెట్టింది తన పేరు. సగోత్రీకులు ఐదుగురిని ప్రోగ్రాము సరిగ్గానే తీసేసింది.

ఆహ్వానంలో నమూనాగా ఏదో ఒక సమయం ఉండాలి. ఆమెకు గుర్తొచ్చింది పరీక్ష సమయం. ఆదివారం పది గంటలు అని రాసింది. శుక్రవారం ఆ ఆహ్వానాల ఫైలును వెంకోబయ్యకు పంపి, ఒకసారి చూసి చెప్పమంది. సంఘం మీటింగు సందేశాలు పన్నెండేళ్లుగా పంపుతున్న వెంకోబయ్య దాన్నీ అలాగే అబ్బాయిల ఇళ్లకు పంపేశాడు.

మొదటి కారు శక్తినగర్ నుంచి వచ్చింది. నిఖిలేశ్ అనే ఇంజనీరు, తల్లిదండ్రులు. సంఘం వాళ్లు సంబంధం పంపారని, పరీక్ష సంగతి తేలకముందే వచ్చారని పాండురంగయ్య అనుకున్నాడు. కుర్చీలు వేశాడు. రెండో కారులో వాళ్లు మొదటివాళ్ల బంధువులనుకున్నాడు. మొదటివాళ్లేమో వాళ్లను అమ్మాయి తరఫువాళ్లనుకుని లేచి కుర్చీలిచ్చారు. నాలుగు కుటుంబాలు వచ్చేదాకా అందరూ ఒకరినొకరు అమ్మాయి మేనమామలుగా, పెదనాన్నలుగా భావించి పంటల గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నారు. మంచి పేరు వస్తుందని తల్లి సైగ చేయడంతో నిఖిలేశ్ నీళ్లు అందిస్తున్నాడు.

ఐదో కుటుంబం సిరవార నుంచి. కొడుకును వెంటబెట్టుకొచ్చిన జయాబాయి నీళ్లు తీసుకుని నిఖిలేశ్‌ను అడిగింది.

"మీ చెల్లె ఏది బాబూ? జర పిలువు. మావోడు చూస్తడు."

నిఖిలేశ్ ట్రే పట్టుకునే ఉన్నాడు. "నాకు చెల్లె లేదు. నేను పెండ్లికొడుకును."

తండ్రులు ఫోన్లు తీశారు. ఐదు ఫోన్లలో ఒకే అమ్మాయి, ఒకే సమయం. బయట ఆరో కారు ఆగింది.

పాండురంగయ్య వెంకోబయ్యకు ఫోన్ చేశాడు.

"ఏంది వెంకోబన్నా గిది? ఎంతమందికి పంపినవ్?"

"ఫైలుల ఉన్నోళ్లందరికీ."

"చూడకుంటనే పంపినవా?"

"చూసిన. మొదటి వరుస చూసిన. నీ బిడ్డ పేరున్నది. మనింటి పిల్లనే కద, ఇంక చూసేదేముంది అనుకున్న."

పదింబావుకు ఇంట్లో గ్లాసులు అయిపోయాయి. పాండురంగయ్య అంగడి తెరిపించి ఆరు డజన్ల కొత్తవి తెప్పించారు. స్టిక్కర్లు తీయని గ్లాసుల్లోనే టీ అందింది.

పదీ నలభైకి జయాబాయి మెట్లెక్కింది. ఆమె వెనక పదిమంది ఆడవాళ్లు. బిడ్డ పరీక్షలో ఉందని, మాట వినపడితే పరీక్ష పోతుందని సౌభాగ్యలక్ష్మి చెప్పింది.

"మాట్లాడం అక్కా," అంది జయాబాయి. "చూసి పోతం."

ఇచ్చిన మాట ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి గోడ పక్కన నిలబడ్డారు. నలభై ఒకటో ప్రశ్న దగ్గర స్ఫూర్తి జడలోకి మల్లెపూలు వచ్చాయి. గదిలో ఎంతమంది ఉన్నారో చెప్పమని పర్యవేక్షకుడు తెర మీద అడిగాడు. ఆమె వెనక్కి తిరిగింది. లెక్కపెట్టింది. తను కాక పదకొండు మంది అని జవాబు రాసింది. పది యాభై రెండుకు పరీక్ష రద్దయింది.

స్ఫూర్తి కిందికి వచ్చింది. హాలు, వసారా, గేటు దాకా మనుషులున్నారు. ఆమె మెట్ల మీదే ఆగి తండ్రిని చూసింది.

"పరీక్ష పోయింది నాయినా. మాట ప్రకారం తలవంచుతా. మొదట వచ్చినోళ్లెవరు?"

పంతొమ్మిది కుటుంబాలు జవాబిచ్చాయి. మొదట ఆగింది తమ కారేనని శక్తినగర్ వాళ్లన్నారు. ఆరు గంటలకే ఇల్లు వదిలామని జయాబాయి అంది. కబురు మొదట అందింది తమకేనని ఒకాయన ఫోన్ చూపించాడు. వాదన గంటకు పైగా సాగింది. రెండు కుర్చీలు విరిగాయి.

పన్నెండూ ఇరవైకి పాండురంగయ్య లేచి చేతులు జోడించాడు.

"అందరికీ దండం. సంవత్సరం దాకా మా ఇంట్ల పెండ్లి మాట లేదు. బిడ్డ పాసైనా సరే, తప్పినా సరే."

స్ఫూర్తి మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆఖరి కారు ఒకటిన్నరకు వెళ్లింది. సోమవారం జాబితాలోని మిగతా అమ్మాయిల తండ్రులు ఆమెకు ఫోన్ చేశారు. మొత్తం పద్నాలుగు మంది. తిడతారని ఆమె అనుకుంది. ప్రోగ్రామును మార్చొద్దని, వచ్చే ఆదివారానికి తమ కూతురిని మొదటి వరుసలో పెట్టమని వాళ్లు అడిగారు.

మళ్లీ పరీక్ష రాయడానికి స్ఫూర్తి మంగళవారం దరఖాస్తు చేసి తేదీ తీసుకుంది. ఏ తేదీయో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.