కిటికీ పక్క కుర్చీలో పెద్దమనిషి

ఆ మంగళవారం గ్లెనిస్ పార్జెటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి, బల్ల తుడుచుకోవాలి, తను చేసిన నిమ్మకాయ కేకు కనబడేచోట పెట్టాలి. ఎందుకంటే ఆ వారం హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి, వాల్సాల్‌లోని ఆ చిన్న బీమా ఆఫీసులో ఎవరు దండగో తేల్చబోతున్నాడు. ఉన్నది ముగ్గురు. ఒకరి ఉద్యోగం ఊడుతుంది. గ్లెనిస్‌కి యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా క్లెయిములు చూడడం తప్ప ఇంకో విద్య రాదు. ఇది పోతే ఇంకెవరూ పిలిచి ఉద్యోగమివ్వరని ఆమెకు బాగా తెలుసు.

తీరా వెళ్ళేసరికి కిటికీ పక్కన ఖాళీ కుర్చీలో ఒక భారీ మనిషి కూర్చుని ఉన్నాడు. తోలు కోటు. మెడ అన్నదే లేదు. 'అమ్మో, హెడ్డాఫీసాయన నాకంటే ముందే వచ్చేశాడే!' అనుకుంది గ్లెనిస్. పేరడుగుదామనుకుంది కానీ, మేనేజరు క్లైవ్ వచ్చి పరిచయం చేస్తాడులే అని ఊరుకుంది. క్లైవ్ వచ్చి, వీళ్ళ పరిచయాలు అయిపోయాయనుకుని ఊరుకున్నాడు. ఈలోగా ఆఫీసులో మూడో మనిషి జస్బీర్ టీ తెచ్చేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, ఆ ఇంగ్లీషు దేశంలో అడక్కుండానే టీ పెడతారు. పేరు మాత్రం మొదటి కప్పు అయ్యేలోగా అడగాలి. లేకపోతే ఇక జన్మలో అడగకూడదు. అది అక్కడి మర్యాద.

అతను హెడ్డాఫీసు మనిషి కాదు. రాయ్ స్కెల్టన్ అనే సోఫాల వ్యాపారి మనిషి. గోడౌన్ కాలిపోయిందని స్కెల్టన్ పెట్టుకున్న క్లెయిమును చెల్లదని తిప్పికొట్టింది మన గ్లెనిసే. ఆ ఫైలు మాయం చేసి, ఆవిడ నోరు శాశ్వతంగా మూయించి రమ్మని స్కెల్టన్ ఇతన్ని పంపాడు.

"సోఫాల గోడౌన్ ఫైలు ఎవరు చూశారు?" అన్నాడతను బొంగురు గొంతుతో.

గ్లెనిస్ ముఖం వెలిగిపోయింది. "నేనేనండీ! ఇలా జరగండి, చూపిస్తాను. నాలుగొందల సోఫాలు కాలాయన్నాడు ఆ మహానుభావుడు. సోఫాలు కాలితే స్ప్రింగులైనా మిగలాలా వద్దా? బూడిదంతా జల్లించినా ఒక్కటి లేదు. అంటే సరుకు ముందే తరలించేశారన్నమాట. అంటించినవాడెవడో గానీ వట్టి మొద్దు!"

అంటించినవాడి చెవులు ఎర్రబడ్డాయి. "స్ప్రింగులు..." అని గొణుక్కున్నాడు. "ఛ! నాకు తట్టనేలేదు."

"మీకెలా తడుతుందండీ, పెద్ద ఆఫీసువారు."

"ఈ ఫైలు నాకు కావాలి."

"దీనికి నకళ్ళున్నాయండీ. ఒకటి పై అంతస్తు బీరువాలో ఉంది, ఇంకోటి లాయరు దగ్గర్నుంచి గురువారానికి వస్తుంది. అన్నీ కలిపి ఒకేసారి ఇస్తాను. సగం సగం పని నా ఒంటికి పడదు."

దాంతో అతను గురువారం దాకా రాక తప్పలేదు. వస్తే ఊరుకుంటారా? బుధవారం పొద్దున్నే క్లైవ్ అతనికి తలుపు కార్డు ఇచ్చాడు. జస్బీర్ ఒక కొత్త కప్పు తెచ్చి, "ఇది మీదే, ఇంకెవరూ ముట్టరు. చక్కెర రెండు చెంచాలు, గుర్తుంది," అంది. అతను ఆ కప్పును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

అదే రోజు పది గంటలకు అసలు హెడ్డాఫీసు మనిషి దిగాడు. పేరు థార్న్‌బీ. సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉన్నాడు. చేతిలో చిన్న పెట్టె. హెడ్డాఫీసు కుర్చీ నిండిపోయి ఉంది గనక క్లైవ్ అతన్ని చూసి, "హమ్మయ్య, వచ్చారా! అదిగో, ఆ మూలనుంది కాపీ మిషను. నెల రోజులుగా మొరాయిస్తోంది," అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని కాదనడం థార్న్‌బీకి అమర్యాద అనిపించింది. వెళ్ళి మూత తెరిచాడు.

గురువారం నకళ్ళన్నీ వచ్చాయి. పెద్దమనిషి వాటిని సంచిలో వేసుకుని, గ్లెనిస్ ముఖం చూడకుండా, "మీతో బయట మాట్లాడాలి. కారు కిందుంది," అన్నాడు.

గ్లెనిస్‌కి అర్థమైపోయింది. కోటు వేసుకుని, మిగిలిన కేకు డబ్బా చంకన పెట్టుకుని దిగింది. కారు ఊరి చివర కాలువ గట్టు మీద, ఎవరూ లేనిచోట ఆగింది.

"ఎందుకు తీసుకొచ్చారో నాకు తెలుసండీ," అంది ఆమె. "మొదటి రోజే తెలుసు. నాకు భయంగానే ఉంది, అబద్ధమెందుకు? కానీ ఇది మీ పని, మిమ్మల్ని తప్పుపట్టను. జస్బీర్‌కి ఇద్దరు చంటిపిల్లలు. ఆమె జోలికి మాత్రం వెళ్ళకండి. నన్ను తీసెయ్యండి, చాలు."

అతను కోటు లోపల పెట్టిన చేతిని మెల్లగా బయటికి తీశాడు. "మొదటి రోజే తెలిసీ... నాకు టీ ఇచ్చారా?"

"టీకీ దానికీ ఏం సంబంధమండీ?"

ఆ మాటతో ఆ భారీ మనిషి స్టీరింగు మీద తలపెట్టి బావురుమన్నాడు. గ్లెనిస్ కంగారుపడి కేకు ముక్క చేతిలో పెట్టింది. "ఊరుకోండి బాబూ. ఇలాంటివి మీరెన్ని చేసుంటారు!"

"చాలా చేశాను," అన్నాడతను ముక్కు చీదుకుంటూ. "ఎవరూ కేకు పెట్టలేదు."

కారు వెనక్కి తిప్పి నేరుగా పోలీసు స్టేషనుకు పోనిచ్చి, స్కెల్టన్ తగలబెట్టించిన మూడు గోడౌన్ల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. అతను ఎవరో అప్పుడే తెలిసిన గ్లెనిస్, అక్కడి బెంచీ మీద గంటసేపు కేకు డబ్బా పట్టుకుని కూర్చుండిపోయింది.

శుక్రవారం హెడ్డాఫీసు నుంచి ఫోను. "మా థార్న్‌బీ ఏమయ్యాడు?"

కాపీ మిషను వెనకనుంచి ఒక చెయ్యి లేచింది.

"అయ్యో, ముందే చెప్పకూడదటండీ!" అన్నాడు క్లైవ్ చెమటలు తుడుచుకుంటూ.

"అడగలేదు కదండీ," అన్నాడు థార్న్‌బీ. "మిషను బాగైంది. ఈ ఆఫీసులో ఎవరు పనిచేస్తారో కూడా ఇక్కడ్నుంచి చక్కగా కనబడింది. మీరు మూడు రోజుల్లో పదకొండు గళ్ళనుడికట్లు కాపీ తీసుకున్నారు."

క్లైవ్ ఉద్యోగం ఊడింది. మేనేజరు కుర్చీలో గ్లెనిస్ కూర్చుంది. సాక్ష్యం చెప్పినందుకు కోర్టు ఆ పెద్దమనిషి మీద దయచూపింది. దొంగ మంటల్ని అతనికంటే బాగా వాసన పట్టేవారు లేరని గ్లెనిస్ పట్టుబట్టి అతన్ని పనిలోకి తీసుకుంది. కిటికీ పక్క కుర్చీ అలాగే ఉంది, కప్పూ అలాగే ఉంది. కిందటి నెల అతని పుట్టినరోజుకు అందరూ సంతకాలు చేసి ఒక కార్డు ఇచ్చారు.

దాని మీద "ప్రియమైన మిత్రుడికి" అని రాశారు. ఇన్నాళ్ళయ్యాక పేరడిగితే ఏం బాగుంటుంది?