బ్రేకులు ఇంకా బిగించని మెదడు

ఇంట్లో టీనేజి పిల్లలు లేనివాళ్లను చూస్తే నాకు జాలి. ఏ వాదనలోనూ ఓడిపోని సుఖం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు.

నా కూతురికి పదహారేళ్లు. ముందువెనకలు ఆలోచించి బ్రేకు వేసే భాగం మెదడులో పాతికేళ్లకు గానీ పూర్తిగా తయారవదని దాని సైన్సు పుస్తకంలోనే ఉంది. అది చదివిన రోజు నుంచి నన్ను పట్టేవాళ్లు లేరు.

ఇంతకన్నా వరం ఏముంది చెప్పండి? తలుపు ధడాలున వేసిందా? మెదడు పూర్తవలేదు. గొడుగు చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ వచ్చిందా? అదే సంగతి. "నువ్వు చెప్పింది తప్పు నాన్నా" అందా? అప్పుడైతే అసలు మొదలే కాలేదు! నేను తప్పే చెప్పి ఉండొచ్చు. ఎవడిక్కావాలి?

అదే పేజీలో ఇంకో ముక్క ఉంది. ఈ వయసులో నిద్ర ఆలస్యంగా పడుతుంది, ఆలస్యంగా వదులుతుంది, అది బద్ధకం కాదు, మెదడు ఎదిగే తీరు అని. నేను పేజీ తిప్పేశాను. మా అమ్మాయి తిప్పలేదు. వాళ్ల బడిలో మొదటి పీరియడు ఆరున్నరకి. ఎనిమిదికి మార్చమని అర్జీ రాసి, క్లాసులో తనతో కలిపి నలభై సంతకాలు పెట్టించింది.

ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిపించాడు.

"మెదడు ఎదగని పిల్లల సంతకాలండీ ఇవి. చెల్లవు" అన్నాడు. నేను మెడ నొప్పి పుట్టేలా తలూపాను. ఇంట్లో నేను వాడే మందే కదా.

తర్వాత ఇంకో కాగితం దాని ముందుకు తోశాడు. క్షమాపణ పత్రం. "బాగా ఆలోచించి, పర్యవసానాలన్నీ తెలిసే ఈ తప్పు చేశాను" అని ఉంది. సంతకం పెట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట.

"పెట్టమ్మా, పోతుంది" అన్నాను.

"అర్జీ మీద పెట్టింది చెల్లదన్నారుగా నాన్నా. మరి దీనిమీద ఎవరి మెదడుతో పెట్టను?"

అది పెన్ను తీసి కాగితం అడుగున రాసింది: "పాతికేళ్లు నిండిన రోజున వచ్చి సంతకం చేస్తాను."

"చూశారా దీని పొగరు?" అన్నాడాయన నాతో.

చూశాను. నా మెదడు పూర్తయి ఇరవై ఏళ్లు దాటింది, ఆయనది ముప్పై. ఇద్దరి బ్రేకులూ భేషుగ్గా ఉన్నాయి. అందుకే ఆరున్నర పీరియడు ఇన్నేళ్లుగా అంగుళం కదల్లేదు.

"ఆ అర్జీ ఒకసారి ఇటివ్వండి" అన్నాను.

నలభై ఒకటో సంతకం నాది. చెల్లదనమనండి, చూద్దాం.