వెయ్యి మందికి వెయ్యి కార్లు

ఈ ఏడాది ముగిసేలోగా దేశంలో కారు లేని కుటుంబం ఒక్కటి కూడా కనబడకూడదని రవాణా మంత్రిగారు మైదానంలో ప్రకటించిన రోజున నేనూ జనంలో ఉన్నాను. మాకు పెళ్లయి నెల తిరగలేదు. మా వారు రవాణా శాఖలో గుమాస్తా. ఉద్యోగులంతా భార్యలతో సహా హాజరై చప్పట్లు కొట్టాలని సర్క్యులర్ వచ్చింది. ఇద్దరం కలిసి బయటికి వెళ్లొచ్చు కదా అని నేను పొద్దున్నే తయారైపోయాను.

మంత్రిగారికి ఈ సంకల్పం ఊరికే కలగలేదు. ప్రపంచ రవాణా మహాసభలో, ఏ దేశంలో వెయ్యి మందికి ఎన్ని కార్లున్నాయో చూసి ఆ వరసలోనే కుర్చీలు వేస్తారట. వెయ్యికి ఎనిమిది వందల కార్లున్న దేశాల వాళ్లు ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అయిదు వందల వాళ్లకు మధ్యలో మెత్తటి కుర్చీలు. వెయ్యికి పదకొండు కార్లున్న మనకు మాత్రం చిట్టచివర, చేతులు కడుక్కునే చోటుకు ఆనించి వేశారు. సభ జరిగినన్నాళ్లూ ఆయన మీద తుంపర్లు పడుతూనే ఉన్నాయి.

"ఆ తడి నా చొక్కా మీద పడలేదు, దేశం మీద పడింది" అన్నారు మంత్రిగారు గద్గదంగా. మైదానమంతా చప్పట్లు. నా చెయ్యి మా వారి చేతిలో ఉండడం వల్ల నేను కొట్టలేకపోయాను.

మర్నాడు శాఖలో సమావేశం. ఇంజన్లు చెయ్యడం మన వల్ల కాదని, కొనడం అంతకన్నా కాదని కార్యదర్శిగారు విన్నవించుకున్నారు. మంత్రిగారు చలించలేదు.

"లెక్కపెట్టేవాళ్లు బానెట్ ఎత్తి చూస్తారా?"

"చూడరు సార్. నాలుగు చక్రాలు, సీట్లు, స్టీరింగు, నంబరు ప్లేటు ఉంటే చాలు, కారే."

"మరి ఇంజను గొడవ మధ్యలో ఎవరు తెచ్చారు?"

ఎవరూ తేలేదని తేలింది. నిపుణుల సంఘం వేశారు. ఇంజను కారుకు అలంకారమే తప్ప అవసరం కాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వాక్యాన్ని టైపు చేసింది మా వారే. ఒక్క తప్పు కూడా పడలేదట. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో పరీక్షలకు చదువుకునే మా ఆడపడుచు, ఆమె పుస్తకాలు. రెండోదాంట్లో అత్తగారు, మామగారు, మేము; మధ్యలో ఒక తెర. తెర అవతల మామగారు దగ్గితే మేం మాటలు ఆపేస్తాం. మేం ఆపేశామని ఆయన మొహమాటపడి మళ్లీ దగ్గుతారు. పెళ్లయ్యాక నేనూ మా వారూ చెప్పుకున్న కబుర్లలో ముప్పావు వంతు బస్టాపులో చెప్పుకున్నవే.

మా వాటా కారు నీలం రంగుది. పదిమంది తోసుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబెట్టి, వెనక అద్దానికి మంత్రిగారి ఫొటో అంటించి వెళ్లారు. అత్తగారు వెంటనే దాని మీద బట్టలారేశారు. ఆ సాయంత్రమే వాన. బట్టలు తీయడానికి ఇద్దరం పరుగెత్తాం. తడిసిపోతామని లోపల దూరాం. తలుపు పడింది. అద్దాలు పైదాకా ఎక్కించాం, వాటికి ఆవిరి కూడా పట్టింది. మా మాట ఇక ఎవరికీ వినబడదన్న సంగతి మాకు తట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఎక్కడికెళ్దాం?" అన్నారు మా వారు స్టీరింగు తిప్పుతూ.

"ఎక్కడికీ వద్దు" అన్నాను.

పెళ్లయ్యాక మా మొదటి ప్రయాణం అదే.

తర్వాత పాత చీర చింపి కిటికీలకు తెరలు కుట్టాను. దిండ్లు చేరాయి. వీధిలో మిగతావాళ్లూ కార్లను ఖాళీగా ఉంచలేదు. ఎదురింటి దర్జీ కుట్టుమిషను అందులోకి మార్చాడు. కొడుకు టీవీ పడలేక రిటైరైన మాస్టారు వెనక సీట్లో కాపురం పెట్టారు. వీధులన్నీ కార్లతో నిండిపోయాక బస్సులు ఆగిపోయాయి. ఆఫీసులకు అందరూ నడకే. రోడ్డు ప్రమాదాలను సమూలంగా అరికట్టామని మంత్రిగారు ప్రకటించారు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆయన కూడా కార్ల సందుల్లోంచి పక్కకు తిరిగి నడుస్తూ కార్యాలయానికి వెళ్లేవారు. బొజ్జ తగ్గి మనిషి కళగా తయారయ్యారు.

ఇంతలో పిడుగులాంటి వార్త. రోజూ వాడకంలో ఉన్న కార్లనే లెక్కలోకి తీసుకుంటామని ప్రపంచ సంస్థ చెప్పింది. స్వయంగా చూడడానికి ఒక పరిశీలకురాలు వస్తోంది. ఆమె కాదన్న కారునల్లా వెనక్కి తోసుకుపోవాలని శాఖ ఆదేశం. అదీ మా వారే టైపు చేశారు. ఈసారి బోలెడు తప్పులు పడ్డాయట. ఇంటికొచ్చి భోజనం దగ్గర చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. నాకు మళ్లీ తెర, మళ్లీ దగ్గు కళ్ల ముందు మెదిలాయి. ఇప్పుడు బస్టాపు కూడా లేదు.

పరిశీలకురాలు తెల్లజుట్టు పెద్దావిడ. మా వీధిలోకి నడిచే వచ్చింది. పక్కన మంత్రిగారు, అనువాదానికి ఆయన పీఏ.

"రోజూ వాడతారా?" అని పీఏ నోట అడిగించింది.

"రోజూనండి" అన్నాను.

"ఎంతసేపు?"

నేను తల దించుకున్నాను. గుమ్మంలోంచి అత్తగారు అందుకున్నారు. "పొద్దుగూకాక ఎక్కితే తెల్లారితే గానీ దిగరమ్మా."

కుటుంబం ఎక్కువగా దూరప్రయాణాలు చేస్తుందని పీఏ అనువదించాడు. మంత్రిగారు మురిసిపోయారు. పెద్దావిడ తెరలు తొలగించి దిండ్లు చూసింది, అద్దానికి వేలాడే నా దువ్వెన చూసింది. తర్వాత నేల చూసింది. కారు తలుపు కింద మా రెండు జతల చెప్పులున్నాయి. వీధి పొడవునా చూపు సారించింది. ప్రతి కారు కిందా చెప్పులే.

"చెప్పులు బయటే ఎందుకు విప్పుతారు?"

మంత్రిగారు నా వైపు చూశారు. మా వారూ చూశారు. ఏదైనా అబద్ధం ఆడదామనుకున్నాను గానీ సమయానికి ఒక్కటీ తోచలేదు.

"చెప్పులతో ఇంట్లోకి ఎలా వెళ్తామండీ" అన్నాను.

పీఏ ఆ రోజు మొత్తంలో ఉన్నదున్నట్టు అనువదించిన మాట ఇదొక్కటే. పెద్దావిడ నా చెంప నిమిరి వెళ్లిపోయింది.

ఫలితాలొచ్చాయి. కార్ల విషయంలో మనం వెయ్యికి పదకొండు దగ్గరే ఉన్నాం. అయితే ఒక్క ఏడాదిలో ఇన్ని కొత్త ఇళ్లు ప్రపంచంలో ఏ దేశమూ కట్టలేదట. గృహనిర్మాణ మంత్రిగారికి ప్రపంచ గృహనిర్మాణ మహాసభలో మొదటి వరసలో కుర్చీ వేశారు. ఏడాది పొడవునా ఆయన పేరు పేపర్లో చూసిన గుర్తు లేదు. "చప్పుడు లేకుండా పనిచెయ్యడం నా పద్ధతి" అన్నారాయన. నిజంగానే ఆయన పనిచేసిన చప్పుడు ఎవరూ వినలేదు.

కారు కాదని తేలింది కాబట్టి తోసుకుపోతారని నేను దిండ్లు సర్దేస్తున్నాను. గృహనిర్మాణ శాఖ మనిషి సుత్తితో వచ్చాడు.

"సర్దకండమ్మా. ఇల్లు తోసుకుపోవడం నేరం" అని చెప్పి, ముందు తలుపు మీద డోర్ నంబరు కొట్టాడు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. మేమిద్దరమే అన్నాను. ఆ మాట అంటుంటే నాకు నవ్వాగలేదు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో రవాణా శాఖ మనిషి దిగాడు.

"కొత్త కుటుంబం అని చెప్పారు. కారుందా?"

నేను నీలం తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాను. "లేదండి" అన్నాను.

అతను నిజంగా జాలిపడ్డాడు. "ఈ రోజుల్లో కూడా కారు లేని సంసారమా? దిగులు పడకమ్మా, రేపే తోసుకొస్తాం."

అరుగు మీద మామగారు పేపరు మడిచారు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, గొంతు సవరించుకుని మెల్లగా అన్నారు.

"బాబూ, దాన్ని కాస్త వీధి ఆ చివర పెట్టిస్తారా?"

అత్తగారు చేతిలోని చేట మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్లిపోయారు.