కారని రేకులు

ఆ ఆదివారం పొద్దున బసవరాజు మంచం దిగి, మొహమైనా కడగకుండా వాకిట్లోకి వచ్చి ఆకాశం చూశాడు. వెతికినా ఒక్క మబ్బుతునక లేదు. నడి వానాకాలంలో నాచారం మీద అంత శుభ్రమైన ఆకాశం పరుచుకోవడం, ఎవరో తన మీద పగబట్టి చేసిన పనిలా అతనికి తోచింది.

"ఇయ్యాల్నే గిట్ల ఎండ గొట్టాల్నా?" అని పైకి చూసి అడిగాడు. అయినా అతను పెద్దగా బెంగ పడలేదు. ఎందుకంటే వాన సంగతి నిన్న సాయంత్రమే నీళ్ళ ట్యాంకరు మొగిలయ్యకు అప్పజెప్పి వచ్చాడు.

వారమంతా ఫ్యాక్టరీలో ఫిట్టరైన బసవరాజు, ఆదివారం నాచారం ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘానికి పెద్ద. సంఘం ఆస్తి అంటే ఒక పొడుగాటి షెడ్డు, దాని మీద బీటలు వారిన సిమెంటు రేకులు. వాన బయటకంటే లోపలే ఎక్కువ కురుస్తుందని వాడకట్టులో చెప్పుకునేవాళ్ళు. పోయిన వానాకాలంలో ఒక పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వబోతే, పాస్టరుగారు గిన్నెలో చెయ్యి ముంచేలోపే పైనుంచి పడ్డ చుక్కలతో ఆ పని కాస్తా అయిపోయింది. అందరూ నవ్వారు. సాలమ్మ మాత్రం నవ్వలేదు. నల్లగొండ పక్క నుంచి వచ్చిన ఆ ముసలమ్మ పుట్టుకతో బాప్టిస్టు. "సుక్కలు జల్లితె బాప్తిస్మమైతదా? మనిషిని నిండ ముంచాలె" అని వచ్చిన ప్రతి పాస్టరుతోనూ వాదం పెట్టుకునేది, గొడుగు కింద కూర్చుని. అవును, ఆరాధనలో గొడుగు వేసుకునే. అయినా ఆ ఏడు ఆమె తడిసి, జ్వరం తగిలి దవాఖానాలో పడింది. అది చూసి బసవరాజుకు కడుపు తరుక్కుపోయింది.

ఆ ఆవేశంలోనే ఈస్టరునాడు అందరి ముందూ, "ఈ యేడు షెడ్డుకు కొత్త కప్పు తేకపోతె పెద్దరికం ఇడిసిపెడ్త" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం కదా.

కప్పు తేవాలంటే ప్రెస్బిటరీని మెప్పించాలి. నగరానికి తూర్పున ఉన్న వాళ్ళ సంఘాలన్నిటికీ పెద్దదిక్కు ప్రెస్బిటరీ. పాస్టరు లేనిచోటికి పాస్టరును పంపేదీ, హార్మోనియం లేనిచోటికి హార్మోనియం పంపేదీ, సంఘంలో ఇద్దరు కొట్లాడుకుంటే మధ్యలో కూర్చుని టీ తాగి సర్దిచెప్పేదీ అదే. భవనం పనికి మాత్రం ఏటా ఒక్క సంఘానికే సాయం చేస్తుంది. ఈసారి చివరకు రెండు కోరికలు మిగిలాయి. ఒకటి నాచారం రేకులు. రెండోది, ఉప్పల్ సంఘం వాళ్ళు గేటు మీద కట్టుకుంటామన్న కమాను. ప్రెస్బిటరీకి ఆ ఏటి అధ్యక్షుడు రెవరెండు కృపాదానంగారు. ఆయన్ని అందరూ మోడరేటరుగారు అంటారు. రెండు చోట్లా కళ్ళారా చూశాకే తేలుస్తానన్నారు. ఉప్పల్ చూసేశారు. ఇవాళ నాచారం వంతు.

తీరా చూస్తే రెండు వారాలుగా వాన లేదు. కారని కప్పును చూపించి కారుతుందని నమ్మించడమెలా? అందుకని బసవరాజు మొగిలయ్యను పట్టుకున్నాడు. "ప్రసంగం మొదలుగాంగనే పైపేసి రేకుల మీద నీళ్ళు గొట్టు. మీ వదినకు మాత్రం జెప్పకు" అన్నాడు. మొగిలయ్య సరేనన్నాడు. ఎవరేం చెప్పినా సరేననడం అతని స్వభావం.

బసవరాజుకు తెలియనిదేమిటంటే, అంతకు గంట ముందే మొగిలయ్య ఇంకొకరికి కూడా సరేనన్నాడు. ఆ ఇంకొకరు తారామణి. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, బసవరాజుకు సాక్షాత్తూ భార్య. ఆమెది తెనాలి దగ్గర పల్లె. చుట్టాలొస్తున్నారంటే ఇంట్లో లేనిది పక్కింటి నుంచి తెచ్చైనా మర్యాద చేయాలన్నది ఆమె పుట్టింటి పద్ధతి. మోడరేటరంతటి మనిషి వచ్చి కూర్చుంటే నెత్తిన బీటలు కనబడడమా? ముక్కు కోసినట్టుండదూ? అందుకే మొగిలయ్యను పిలిచి, "రేకుల బీటలన్నిట్లో డాంబరు కూరెయ్యి నాయనా. మీ అన్నకు చెప్పకు" అంది. మొగిలయ్య చీకటి పడేలోగా ఒక్క బీట మిగలకుండా పూడ్చేశాడు.

అంతటితో ఆమె ఊరుకుందా? ఆదివారం తెల్లవారేసరికి ఉప్పల్ వెళ్ళి, అక్కడి సంఘపెద్ద ఉమామహేశ్వర్‌ను పట్టుకుంది. ఆయనదీ తెనాలి వైపే.

"అన్నయ్యా, ఒక పది కుర్చీలూ ఒక ఫ్యానూ ఇప్పిస్తారా? సాయంత్రానికల్లా పంపిస్తాను."

ఉమామహేశ్వర్ ఒక్క క్షణం ఆలోచించాడు. కమాను ఆయన కళ్ళ ముందు మెరిసింది. "పదేం సరిపోతాయి చెల్లెమ్మా? అన్నీ పట్టుకుపో. ఒక్క ఫ్యానేంటి, ఐదు తీసుకో. జంపఖానా వద్దూ? పైన కట్టడానికి షామియానా గుడ్డ ఉంది, కొత్తది. మోడరేటరుగారు చూసి ఔరా అనాలి!" అని, తానే ట్రాలీ ఆటో పిలిపించి తానే ఎక్కించాడు. దారి పొడుగునా తారామణి ఆయన మంచితనానికి దేవుణ్ణి స్తుతిస్తూనే ఉంది.

బసవరాజు స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని షెడ్డులో అడుగుపెట్టి కొయ్యబారిపోయాడు. రేకులు కనబడడం లేదు. వాటి కింద ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రపూల షామియానా గుడ్డ. నేలంతా జంపఖానా. ఇనుప కుర్చీల వీపులకు తెల్లటి తువాళ్ళు. ఐదు ఫ్యాన్లు ఐదు దిక్కుల నుంచి హోరెత్తిస్తున్నాయి.

"ఏందే ఇది? పెండ్లా?"

"మర్యాదండీ! మీరు ఊరుకోండి."

"సాయం అడిగేటోళ్ళం మనం. గిదంత జూస్తె మననే కానుకలియ్యమంటరు గదనే!"

"మాసిన బట్టలతో పెళ్ళిచూపులకు కూర్చుంటారా ఎవరైనా?" అంటూ తారామణి సాలమ్మ చేతిలో గొడుగు లాక్కుని తలుపు వెనక దాచేసింది. అప్పుడే బయట కారు ఆగింది.

మోడరేటరుగారు భారీ మనిషి. తెల్లటి అంగీ వేసుకుని లోపలికి వచ్చి, ముందు వరుసలో ఫ్యాను ఎదురుగా సుఖంగా కూర్చున్నారు. పాటలు పాడారు, ప్రార్థన అయింది. వెనక వరుసలో ఉమామహేశ్వర్ చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు. మోడరేటరుగారు లేచి ప్రసంగం ఎత్తుకున్నారో లేదో, రేకుల మీద దడదడమని నీళ్ళ చప్పుడు మొదలైంది.

బసవరాజు గుడ్డ వంక ఆశగా చూశాడు. ఎక్కడా తడి కనబడలేదు.

"వాన!" అన్నారు మోడరేటరుగారు సంబరంగా. కిటికీలోంచి చూస్తే చూరు నుంచి నీళ్ళు, నీళ్ళ వెనక ఫెళఫెళ ఎండ. "ఎండా వానా! మా ఊళ్ళో కుక్కకూ నక్కకూ పెళ్ళి అనేవాళ్ళు. చూశారా, ఇంత వాన పడుతున్నా ఒక్క చుక్క లోపలికి రావడం లేదు. ఎంత గట్టి కప్పండీ మీది!"

తారామణి మురిసిపోయింది. బసవరాజు కడుపు పట్టుకుని, అర్జంటు పని ఉన్నవాడిలా బయటకు పరిగెత్తాడు. షెడ్డు వెనక నిచ్చెన మీద, చేతిలో పైపుతో, మొగిలయ్య యుద్ధం గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఒక్క సుక్క గూడ పడుతలేదేందిరా?"

"పడదన్నా! మస్తు గట్టిగ జేసిన. వదిన బీటలు మూయమన్నది, నువ్వు నీళ్ళు గొట్టమన్నవు. నా పని పరీక్షజేస్తున్నవనుకున్న. ఫికర్ జెయ్యకు, నూరేండ్లు కారదు."

బసవరాజు తల బాదుకున్నాడు. ఏడుద్దామంటే టైము లేదు. "నీకు దండం బెడ్త. గా మధ్య రేకు జర పక్కకు జరిపి, సందుల పైపు వెట్టు. సన్నగ, ధారలెక్క రావాలె. అర్థమైందా?"

మొగిలయ్య అన్నిటికీ అన్నట్టే దీనికీ సరేనన్నాడు. సన్నగా అన్న మాట దగ్గరే ట్యాంకరు వాల్వు అతనితో ఏకీభవించలేదు.

బసవరాజు లోపలికి వచ్చి కూర్చున్నాడు. రేకుల మీద చప్పుడు ఆగిపోయింది. చుక్క పడుతుందేమోనని పైకి చూశాడు. చుక్క పడలేదు గాని, మోడరేటరుగారి తలకు సరిగ్గా పైన షామియానా గుడ్డ కొంచెం కిందికి దిగింది. చూస్తుండగానే ఇంకొంచెం దిగింది. కొత్త గుడ్డ కావడంతో నీళ్ళను గట్టిగా పట్టుకుని, నిండు చూలాలి పొట్టలా గుండ్రంగా ఉబ్బుతోంది. బసవరాజు లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, జర పక్కకు..." అని చెయ్యి ఊపాడు.

ప్రసంగం పొడుగైందని సైగ చేస్తున్నాడనుకుని మోడరేటరుగారు నొచ్చుకున్నారు. "ముగిస్తున్నానండీ, ముగిస్తున్నాను. ఒక్క మాట. మీ సంఘాన్ని చూస్తే నాకు కన్నులపండువగా ఉంది. ఈ ఫ్యాన్లు, ఈ కుర్చీలు, ఈ చక్కటి కప్పు! మీకు ప్రెస్బిటరీ సాయం అవసరమే లేదు. కాబట్టి ఈ ఏడు మన సాయం ఉప్పల్ కమానుకే ఇస్తే..."

వెనక వరుసలో ఉమామహేశ్వర్ "ఆమేన్" అన్నాడు, అందరికంటే ముందు.

"...మీరంతా సంతోషిస్తారని నా నమ్మకం. పైనుంచి మీ మీద దీవెనలు సమృద్ధిగా దిగి రావాలి!" అంటూ మోడరేటరుగారు రెండు చేతులూ పైకెత్తారు. వేలి కొసలు గుడ్డకు తగిలాయి.

గుడ్డ చిరిగిన చప్పుడు కూడా సరిగా వినబడలేదు. సగం ట్యాంకరు నీళ్ళు ఒక్కసారిగా ఆయన నెత్తిన పడ్డాయి. ఆయన జంపఖానా మీద కూలబడ్డారు. ఎదుట ఉన్న ఫ్యాను చిటపటమని ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పై సందులోంచి మొగిలయ్య తల కిందికి వచ్చింది.

"సాల్నా అన్నా? ఇంక సగం ట్యాంకరున్నది!"

ఎవరూ కదల్లేదు. సాలమ్మ ఒక్కతే కర్ర పట్టుకుని లేచి, నిండా మునిగి తేలిన మోడరేటరుగారిని తేరిపార చూసి, తృప్తిగా తలాడించింది. "గిట్లుండాలె. నేను మొదటిసంది జెప్తనే ఉన్న." తర్వాత తారామణి వైపు తిరిగింది. "నా గొడుగు నాకియ్యి బిడ్డా. వానకాలమంత గొడుగేసుకుని కూసుంటి, పోయినేడు జెరమొచ్చి సావుదప్పె. ఇయ్యాల్నే గుంజుకున్నవు, ఇయ్యాల్నే పడె."

తారామణికి దుఃఖం ముంచుకొచ్చింది. కుర్చీల మీది తువాళ్ళన్నీ లాగి తెచ్చి మోడరేటరుగారిని తుడవసాగింది. "తప్పు నాదండీ. బీటలు కనబడకూడదని మూయించాను."

"కాదయ్యగారూ, నాది. నీళ్ళు వోయించింది నేను" అన్నాడు బసవరాజు. "పెద్దరికం ఇయ్యాల్నే ఇడిసిపెడ్తున్న."

"నాదైతె కాదు" అన్నాడు మొగిలయ్య పైనుంచి.

మోడరేటరుగారు తువాళ్ళు పోయిన కుర్చీల వీపుల మీద తెల్లరంగుతో రాసి ఉన్న అక్షరాలు చదువుతున్నారు. ఉప్పల్ సంఘం. పక్క కుర్చీ మీదా ఉప్పల్ సంఘం. చచ్చిపోయిన ఫ్యాను అడుగునా ఉప్పల్ సంఘమే. ఆయన మెల్లగా తల తిప్పేసరికి, ఉమామహేశ్వర్ తలుపు దాకా వెళ్ళి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఉమామహేశ్వర్‌గారూ! సామానంతా ఇక్కడుంటే, ఇవాళ మీ ఉప్పల్‌లో జనం దేనిమీద కూర్చున్నారు?"

"మాకు ఇంకో జత ఉందండీ" అనేసి, ఉమామహేశ్వర్ నాలుక కరుచుకున్నాడు.

మోడరేటరుగారి పొట్ట కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని అందరూ భయపడ్డారు. ఆయన నవ్వుతున్నారు. నవ్వి నవ్వి, అంగీ కొస పిండుకుని, జంపఖానా మీద నుంచే తీర్పు చెప్పారు. "ఉన్న సంఘం లేని సంఘాన్ని మోయాలి. ప్రెస్బిటరీ అంటూ ఉన్నది అందుకే. కప్పు నాచారానికే. ఈ కుర్చీలూ ఫ్యాన్లూ ఎలాగూ వచ్చాయి గనక ఇక్కడే ఉంటాయి. ఉమామహేశ్వర్‌గారూ, కొత్త రేకులు ఎత్తడానికి మీ మగవాళ్ళను పంపండి. కమాను సంగతి మరో ఏడు చూద్దాం."

"మరి నా పెద్దరికం?" అన్నాడు బసవరాజు.

"పని పూర్తయ్యేదాకా మీరెక్కడికీ పోవడానికి వీల్లేదు. లేకపోతే ఆ పైనున్నవాణ్ణి దింపేదెవరు?"

దసరా దాటాక కొత్త కప్పు ప్రతిష్ఠ జరిగింది. మోడరేటరుగారు వేదిక ఎక్కి ముందు కప్పు చూశారు, తర్వాత గొడుగు లేకుండా కూర్చున్న సాలమ్మను చూశారు. ఆ పైన మొగిలయ్య ఎక్కడున్నాడని అడిగి, అతను తన ఎదురుగా నేల మీదే కూర్చుని ఉన్నాడని రూఢి చేసుకున్నాకే ప్రార్థనకు కళ్ళు మూసుకున్నారు.