ఫిలోజీన్ గారు తప్పుకున్న పోటీ

ఎన్నిక రోజు పొద్దున్న ఒలివెట్ చార్లరీ వేసుకున్న పథకంలో లొసుగంటూ ఏదీ లేదు. జడ్జి ఆంబ్రోజ్ ఫిలోజీన్ గారు పెందలాడే ఉప్పుచేప, ఉడికించిన పచ్చి అరటికాయ తిని, నీలం టై కట్టుకుని, ఐక్యరాజ్యసమితి భవనంలో రాయబారులు కాఫీ తాగే హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి. వచ్చినవాళ్ళకి చెయ్యి కలపాలి. మనవలెందరని అడిగితే చెప్పాలి. న్యాయశాస్త్రం గురించి మాత్రం ఎవరెంత కదిపినా నోరు విప్పకూడదు. ఆయనకి ఆ శాస్త్రం తెలుసునని అందరికీ ఇప్పటికే అనుమానం ఉంది. దాన్ని రుజువు చేసుకుంటే ఓట్లు పోతాయి.

సెంట్ ఒరియల్ దీవికి న్యూయార్కులో ఉన్న రాయబార కార్యాలయంలో ఒలివెట్ రెండో అధికారి. మొదటి అధికారి రాయబారి లబాడీ. మూడో అధికారి లేడు. అంతర్జాతీయ న్యాయస్థానంలో ఐదు కుర్చీలు ఖాళీ అయ్యాయి. నాలుగింట్లో ఎవరు కూర్చుంటారో అందరికీ తెలుసు. ఐదోదాని కోసం రెండు పెద్ద దేశాలు ఏడాదిగా పోట్లాడుకుంటున్నాయి. ఒకటి తన ప్రొఫెసర్‌ని నిలబెట్టింది, ఇంకొకటి తన మాజీ మంత్రిని. ఆ రెండు ఏనుగుల మధ్య గొడుగు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి ఫిలోజీన్ గారు.

ఆయన్ని నిలబెట్టడం వెనక ఒక కథ ఉంది. రేవు ఇసుకను హోటళ్ళకి రాసివ్వడానికి వీల్లేదని, అది జాలర్లదేనని, సొంత ప్రభుత్వం మీదే ఆయన తీర్పు చెప్పారు. అలాంటి మనిషిని దీవి దాటించడానికి ప్రధానమంత్రికి ఇంతకంటే గౌరవమైన దారి దొరకలేదు. ప్రభుత్వం ఆయన్ని వదిలించుకోవాలని పంపింది. ఒలివెట్ మాత్రం గెలిపించాలనే పనిచేసింది. ఆమెని చదివించింది ఆ రేవు మీద చేపలమ్మిన తల్లే మరి. ఏడాదిపాటు ఆమె తట్టని తలుపు లేదు, తాగని చేదు కాఫీ లేదు. నూట పన్నెండు దేశాలు మాటిచ్చాయి. అందులో సగం అబద్ధమని తీసేసినా, మిగిలిన సగంతో మొదటి విడతలో నిలదొక్కుకుని, ఏనుగులు రెండూ అలిసిపోయాక ముందుకు రావచ్చని ఆమె ధీమా.

టిఫిను బల్ల దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ఆ సాయంత్రం తనకి బ్రూక్లిన్‌లోని చర్చి హాల్లో డామినో ఫైనల్ ఉందని జడ్జిగారు నింపాదిగా బయటపెట్టారు. చుక్కల బిళ్ళల ఆటే, కానీ కరీబియన్ దీవులవాళ్ళకి అది ఆట కాదు, పరువు. ఆరు వారాలుగా ఎవరికీ చెప్పకుండా ఆడి, ఫైనల్‌దాకా వచ్చారట. ఒలివెట్ ససేమిరా అంది. ఓటింగు సాయంత్రందాకా సాగితే అభ్యర్థి భవనంలో లేడంటే నవ్విపోతారంది.

"ఇవాళ నాకు రెండు పోటీలున్నాయమ్మా. రెంట్లో నేను గెలిచేదేదో నాకు తెలుసు. దాన్నే మానిపిస్తున్నావు," అన్నారు ఫిలోజీన్ గారు.

ఆయన కాఫీ ముగించేలోపు ఒలివెట్ ఆయన ఫోన్లోంచే డామినో ఆటగాళ్ళ వాట్సాప్ బృందంలో ఒక మెసేజ్ పెట్టేసింది. చక్కటి మెసేజ్. "జడ్జి ఫిలోజీన్ గారు ఇవాళ్టి పోటీ నుంచి తప్పుకుంటున్నారు. ఇన్నాళ్ళూ ఆదరించిన అందరికీ కృతజ్ఞతలు. ఆయన బదులు ఎవర్ని నిలబెట్టుకుంటారో మీ ఇష్టం." మెసేజ్‌లో తప్పు లేదు. పంపిన చోటూ తప్పు కాదు. తప్పల్లా ఆ బృందంలో రాయబారి సెమీసి ఉండడమే.

సెమీసిది పసిఫిక్ మహాసముద్రంలో ఒక చిన్న దేశం. మనిషి పర్వతమంత, మనసు వెన్న. ఎప్పుడో ఒక సాయంత్రం రమ్ము తాగడానికి వచ్చినవాణ్ణి ఎవరో ఆ బృందంలో చేర్చారు. దాని పేరు 'డబుల్ సిక్స్', రెండువైపులా ఆరేసి చుక్కలుండే బిళ్ళ పేరు. ఆరూ ఆరూ పన్నెండు దేశాల కూటమి కాబోలనుకుని, మర్యాద కొద్దీ బయటికి పోకుండా ఉండిపోయాడు. ఆ పొద్దున్న దేశాలన్నీ కూర్చునే సర్వసభలో తన కుర్చీలో కూర్చుని ఆ మెసేజ్ చదివి కళ్ళు తుడుచుకున్నాడు. పక్కావిడ ఏమైందని అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ తన పక్కాయనకి చెప్పింది. ఆ సభలో ఉపన్యాసాలు ఎవరూ వినరు కాబట్టి పక్కవాళ్ళు చెప్పేది చాలా శ్రద్ధగా వింటారు.

మొదటి విడత ఓట్లు అప్పటికే పెట్టెల్లో పడ్డాయి. నాలుగు కుర్చీలు అనుకున్నట్టే నిండాయి. ఐదోదానికి ప్రొఫెసరూ మాజీ మంత్రీ దాదాపు సమానంగా నిలిచారు. ఎవరికీ సగం దాటలేదు. ఫిలోజీన్ గారికి ముప్పై ఎనిమిది వచ్చాయి. సగం అబద్ధమనుకున్న తన లెక్క ఉదారమైనదని ఒలివెట్‌కి అర్థమైంది. అయినా బెదరలేదు. భద్రతామండలి గదిలోనూ ఇదే తీరని కబురొచ్చింది. సర్వసభలోనూ మండలిలోనూ ఒకే మనిషికి సగం దాటితే తప్ప ఎన్నిక తేలదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండో విడత.

భోజనాల వేళ నడవాలో ఒక ఆఫ్రికా దేశపు రాయబారి, మేడమ్ నకింటు, ఒలివెట్‌ని దగ్గరకి తీసుకుని వీపు నిమిరింది. "విన్నానమ్మా. ఎంత హుందాగా తప్పుకున్నారు."

ఫైనల్ సంగతి ఈవిడదాకా పాకిందా అని ఒలివెట్ ఆశ్చర్యపోయింది. ఆవిడ భర్త కూడా ఆడతాడేమో అనుకుంది. "ఆ నడుంనొప్పితో అంతసేపు కూర్చోలేరు కదండీ. నేనే బలవంతపెట్టి మానిపించాను," అంది.

"మరి ఇప్పుడెవరు?"

జట్టులో ఆయన బదులు ఆడగల ఇద్దరి గురించే అడుగుతోందనుకుంది ఒలివెట్.

"మిగిలిన ఇద్దరిలో గట్టివాళ్ళెవరైతే వాళ్ళే. మాకెవరైనా ఒకటే."

మేడమ్ నకింటు తల పంకించి వెళ్ళిపోయింది. ఆ తరవాత మరో ముగ్గురు వచ్చి చెయ్యి నొక్కి వెళ్ళారు. కరీబియన్ ఆట ఇన్ని ఖండాలకి పాకినందుకు ఒలివెట్ లోలోపల కాస్త గర్వపడింది కూడా.

ప్రొఫెసర్ తాలూకు పెద్ద దేశపు రాయబారి స్వయంగా ఒలివెట్ బల్ల దగ్గరికి నడిచి వచ్చాక గానీ ఆమెకి తేడా తోచలేదు. ఆయన ఏడాదిలో ఒక్కసారైనా ఆమెకి నమస్కారం పెట్టిన మనిషి కాదు. మీ జడ్జిగారి ఔదార్యాన్ని మా దేశం ఎన్నటికీ మరవదు, మీ రేవులో మంచు గిడ్డంగి కట్టిస్తాం, మీ స్నేహితుల్ని మావైపు తిప్పండి చాలు అన్నాడు. డామినోల కోసం మంచు గిడ్డంగి ఎవరూ కట్టించరు. ఆయన అటు వెళ్ళాడో లేదో, మాజీ మంత్రి దేశంవాడు వచ్చి గిడ్డంగితోపాటు రెండు లారీలు కూడా ఇస్తానన్నాడు.

పొద్దున్న తను పెట్టిన మెసేజ్ ఒలివెట్‌కి గుర్తొచ్చింది. వెంటనే లేచి, జనాన్ని చీల్చుకుంటూ సభలోకి దూసుకుపోయింది. వరసవరసకీ, బల్లబల్లకీ తిరిగి చెప్పింది: జడ్జిగారు తప్పుకోలేదు, పోటీలోనే ఉన్నారు, అది వేరే పోటీ, చుక్కల బిళ్ళల పోటీ. విన్నవాళ్ళందరూ సానుభూతిగా నవ్వారు. ఆ సభలో నిజమైన కబురుని ఎవరూ ఖండించరు. ఖండించారంటే బేరం ఇంకా తెగలేదనే. పాపం ఇంకా ఏదో ఎక్కువ రాబడుతున్నట్టుందని ఒకాయన పక్కాయనతో అనడం ఆమె చెవినే పడింది. చుక్కల బిళ్ళల మాట ఏ దౌత్య సంకేతమోనని ఇద్దరు రాసుకున్నారు.

ఇక పెద్దాయన నోట చెప్పిస్తే తప్ప లాభం లేదనుకుని రాయబారి లబాడీ కోసం వెతికింది. ఆయన మెట్ల కింద నిలబడి ఫోన్లో "చిత్తం, చిత్తం" అంటున్నాడు. ఫోను పెట్టి, దీవి నుంచి ప్రధానమంత్రిగారని చెప్పాడు. ఎవరో రేడియోవాళ్ళు ఆయన్ని అడిగారట. తనకి తెలియని సంగతి తన దేశంలో జరిగిందని ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేదు. అందుకని జడ్జిగారి నిర్ణయాన్ని పూర్తిగా గౌరవిస్తున్నామని, ఆయన దీవికి తిరిగి రానక్కర్లేకుండా ఇంకేదైనా మంచి పదవి చూస్తామని ప్రకటించేశాడు.

"వెనక్కి తీసుకోమనండి సార్," అంది ఒలివెట్.

"ప్రధానమంత్రి మాటని వెనక్కి తీసుకోమని నువ్వు చెప్పు. నాకు పెన్షన్‌కి ఇంకా ఏడాదుంది."

మిగిలింది ఒక్కటే దారి. జడ్జిగారిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి, నలుగురి ముందూ నిలబెట్టి, పోటీలో ఉన్నానని ఆయనచేతే అనిపించాలి. ఒలివెట్ కాఫీ హాలుకి పరుగెత్తింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. పొద్దుట్నుంచీ ఎవరెవరో వచ్చి ఆయన్ని ఓదారుస్తూనే ఉన్నారని, నిర్ణయం మీదా పైవాళ్ళదా అని ఒకరు అడిగారని, ఆయన టోపీ పెట్టుకుని టాక్సీ ఎక్కారని కాఫీ పోసేవాళ్ళు చెప్పారు. జరిగింది ఒలివెట్ ఊహించుకోగలదు. ప్రభుత్వం తనని ముందు నిలబెట్టి, తరవాత చెప్పకుండా పడగొట్టిందని ఆయన అనుకుని ఉంటారు. ఎందుకని అడగడం ఆయన స్వభావం కాదు. ఫోను చేస్తే తియ్యలేదు.

అభ్యర్థి టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడన్న వార్త ఆమెకంటే ముందే సభకి చేరింది. ఒలివెట్ తన కుర్చీలో కూర్చుంది. నీరసంగా కాదు, నిటారుగానే. ఓడిపోవడం ఆమెకి కొత్త కాదు. తల్లి చేపలు అమ్ముడుపోని రోజున కూడా బుట్ట నెత్తిన నిటారుగా పెట్టుకునే ఇంటికి వచ్చేది. కానీ ఆ ముసలాయన ఎవరూ లేనట్టు ఒంటరిగా టాక్సీ ఎక్కడం మాత్రం ఆమె తలుచుకోలేకపోయింది. ఓటు కాగితంలో ఆయన పేరు ఇంకా అచ్చులోనే ఉంది. దానికి ఎదురుగా గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేసింది. ఒక్క ఓటన్నా ఉండాలి కదా అనుకుంది.

లెక్కింపు పూర్తయ్యాక అధ్యక్షుడు కాగితం చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పక్కనున్న అధికారికి చూపించాడు. తరవాత చదివాడు. ప్రొఫెసర్‌కి నలభై రెండు. మాజీ మంత్రికి నలభై అయిదు. జడ్జి ఫిలోజీన్‌కి నూట మూడు.

సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ ముఖం చూశారు. ఆ ముఖాల్లో ఉన్నది సంతోషం కాదు, దొరికిపోయిన కంగారు. ఇంతలో మండలి గది నుంచి కబురొచ్చింది. అక్కడ పదిహేనుమందిలో తొమ్మిదిమంది ఆయనకే వేశారు. సర్వసభ, మండలి రెండూ ఒకే పేరు చెప్పాక ఇక చేసేదేమీ లేదు. అధ్యక్షుడు సుత్తి కొట్టి, ఎన్నికైనట్టు ప్రకటించాడు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. నేనొక్కణ్ణే కాదన్నమాట అన్న ధైర్యంతో అవి బాగా పెరిగాయి.

సెమీసి వచ్చి ఒలివెట్ పక్క కుర్చీలో తన భారమంతా దింపాడు. అదెలా జరిగిందో ఆయన నోటనే ఆమెకి తెలిసింది.

"ఏనుగులు రెండూ మాకు కావలసినవే చెల్లమ్మా. ఒకదానికేస్తే రెండోది ఊరుకోదు. లేని మనిషికేస్తే ఎవరికీ కోపం రాదు. పైగా నీకిచ్చిన మాట కూడా నిలబెట్టుకున్నట్టవుతుంది. ఇంత చవగ్గా పుణ్యం ఎక్కడ దొరుకుతుంది చెప్పు? ఈ ఉపాయం నా ఒక్కడికే తట్టిందనుకున్నాను."

ఒలివెట్ బ్రూక్లిన్ చర్చి హాలుకి వెళ్ళేసరికి బయట చీకటి పడుతోంది. లోపల బిళ్ళలు బల్ల మీద టపటపా పడుతున్నాయి. జడ్జిగారు టై విప్పి, చొక్కా చేతులు మడిచి, డ్యూటీ దిగి వచ్చిన ముగ్గురు నర్సుల మధ్య కూర్చుని ఆడుతున్నారు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం చెప్పింది. మెసేజ్, సెమీసి, గిడ్డంగి, రేడియో, నూట మూడు. దాచలేదు. వేసినవాళ్ళలో ఎక్కువమంది ఆయన పోటీలో లేరనుకునే వేశారని కూడా చెప్పింది. ఆయన ఆ పదవి వద్దంటారేమోనని ఆమె భయం. వద్దనగల మనిషే ఆయన.

ఫిలోజీన్ గారు చేతిలో బిళ్ళని బల్ల మీద బోర్లా పెట్టి ఆమె వైపు తిరిగారు. ఎదురుగా ఉన్న నర్సులు కూడా విసుక్కోకుండా ఆగారు.

"నా పేరు కాగితంలో ఉందా?"

"ఉంది సార్."

"నేను తప్పుకుంటున్నానని సంతకం పెట్టానా?"

"లేదు."

"అది రహస్య ఓటు. ఎందుకేశావని అడిగే హక్కు ఎవరికీ లేదు, నాకసలు లేదు. ప్రేమతో వేసినవాళ్ళవే లెక్కపెట్టాలంటే లోకంలో ఏ ఎన్నికా చెల్లదమ్మా." ఆయన బిళ్ళని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు. ఆ రేవు కేసు మళ్ళీ కోర్టుకెక్కితే ఇక నా దగ్గరికి రాదు, ఇంకెవరైనా చూస్తారు. అందుకని ఆ ఇసుక మీద కన్నేసి ఉంచమను."

మర్నాడు పొద్దున్న సెంట్ ఒరియల్ కార్యాలయం మెట్ల మీద అభినందనల వరస వీధిదాకా సాగింది. ఒలివెట్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చెయ్యీ అందుకుంది. మొదట్నుంచీ మా ఓటు జడ్జిగారికేనని ప్రతివాళ్ళూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పారు. ఆమె ప్రతివాళ్ళకీ నమ్ముతున్నట్టే తలూపింది. మధ్యాహ్నానికి అలా చెప్పినవాళ్ళు నూట అరవై దాటారు. ఆ వరసలో ప్రొఫెసర్ దేశం రాయబారీ, మాజీ మంత్రి దేశం రాయబారీ కూడా ఉన్నారు.